అడగకూడని మాట

సూది గుచ్చేటప్పుడు నూకయ్య ఎప్పుడూ గోడవైపు చూస్తాడు. నలభై ఏళ్ళు సముద్రం మీద తుఫాన్లకి ఎదురెళ్ళిన మనిషి వెంట్రుకంత సూదికి మొహం తిప్పుకోవడం గున్నమ్మకి రోజూ నవ్వు తెప్పిస్తుంది. ఆ శనివారం మాత్రం ఆమె నవ్వలేదు. కోడలు అనిత నేర్పినట్టే పొట్ట మీద చర్మం పట్టుకుని, గీత చూసుకుని ఇన్సులిన్ ఎక్కించింది. గోడ గడియారం ఏడుంబావు చూపిస్తోంది. సూది పడిన అరగంటలో కంచం ముందు కూర్చోవాలి. ఆ ఇంట్లో ఇంకే నియమానికీ విలువ లేకపోయినా దీనికి ఉంది.

"ఇయేల నువ్వూ రావాల," అన్నాడు నూకయ్య చొక్కా సర్దుకుంటూ.

ఎక్కడికి అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గున్నమ్మ దాన్ని మింగేసి, ఇడ్లీ కంచం ఆయన ముందు పెట్టింది.

"ఏటున్నాదని రావాల ఈ ఊర్లో? కాలవలూ, దోమలూ తప్ప."

"సూస్తేనే కదే తెలిసేది."

"నువ్వు రోజూ సూసొస్తన్నావు కదా, సాల్లే. ఎక్కడ పేకలు పంచుతన్నారో, ఎవుల పక్కన కూకుంటన్నావో నాకేటి తెలుస్తాది? ఇంట్లో తోటకూర ఎట్టిన సోట ఉండదు, మొగుడు ఉండాల్సిన సోట ఉండడు. ఏటి బతుకిది."

పేకల మాట దగ్గర నూకయ్య చెయ్యి ఆగిపోయింది. ఆయన జన్మలో పేక ముక్క పట్టలేదు. ఆ సంగతి గున్నమ్మకీ తెలుసు. కోపం వస్తే చేతికి ఏది దొరికితే అది విసరడం ఆమె అలవాటు, ఆ పూట ఆ మాట దొరికింది. ఆయన కంచం పక్కకి జరిపి లేచాడు.

"తినీసి ఎల్లు," అంది.

"ఆకలి నేదు."

గడప దగ్గర చెప్పులు వేసుకోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. ఈమధ్య రోజూ అంతే. ఒకటి వేసుకుంటాడు, ఆగుతాడు, రెండోదాన్ని కాలితో వెతుక్కుంటాడు, ఇంట్లోకి ఓసారి చూస్తాడు. వయసు మీద పడుతోందని గున్నమ్మ అనుకునేది. ఆ పూట కూడా చూశాడు. ఆమె పొయ్యివైపు తిరిగి నిలబడింది. చెప్పుల చప్పుడు మెట్లు దిగి, సందు చివర ఆటోల మోతలో కలిసిపోయింది.

బయటికి వెళ్ళే మనిషిని ఎక్కడికి అని అడగకూడదు. ఇది అందరికీ తెలిసిన మాటే, చాలామంది సగం నవ్వుతూ పాటిస్తారు. గున్నమ్మ నవ్వుతూ పాటించలేదు. పెళ్ళయిన రెండో నెలలో మరిది దాలయ్య వల భుజాన వేసుకుని పోతుంటే, కొత్త కోడలు కదా, పలకరిద్దామని "ఎక్కడికి మరిదీ?" అంది. పద్దెనిమిదేళ్ళవాడు, నవ్వి, సముద్రంవైపు చెయ్యి చూపించి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆమె అడగడం విన్నది ఒక్క నూకయ్యే. ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఆమె దగ్గర కూడా ఎత్తలేదు. ఆ తర్వాత ఈ నలభై ఏళ్ళలో ఆమె ఏ మనిషినీ ఆ మాట అడగలేదు.

సముద్రం ఒడ్డున సొంతూళ్ళో అడగకపోయినా గడిచిపోయింది. అక్కడ మగాడు గడప దాటితే పోయేది ఒక్కచోటికే, అది గడపలోంచి కనిపిస్తూనే ఉంటుంది. శ్రీకాకుళంలో గడప దాటితే నలభై దార్లు.

కిందటేడు నూకయ్య బోటులోనే కళ్ళు తిరిగి పడిపోయాడు. లైన్‌మన్ పని చేస్తున్న కొడుకు వినోద్ ఇక సముద్రం చాలన్నాడు. బోటులో వాటా అమ్మించి, ఇద్దర్నీ తెచ్చి అరసవల్లిలో తన అద్దె ఇంట్లో పెట్టుకున్నాడు. ఎనిమిది నెలలైంది. గున్నమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని పది ఊళ్ళలో చేపలమ్మిన మనిషి. వీధి మొదట్లో కేకేస్తే చివరింటివాళ్ళు గిన్నె పట్టుకుని బయటికొచ్చేవారు. ఇక్కడ ఆమెని పేరు పెట్టి పిలిచిన మనిషి లేదు. కింద వాటాలో ఉండే ఇంటావిడ బుజ్జమ్మ కూడా "మేడమీదావిడ" అంటుంది. పైగా తన తోటకూర కట్టలు మాయం చేస్తున్నది ఆ బుజ్జమ్మేనని గున్నమ్మకి గట్టి నమ్మకం. ఇంత కిరాణా కొట్టున్నావిడకి మీ తోటకూరెందుకత్తా అని అనిత నవ్వినా వినకుండా, ఆవిడతో మాటలు మానేసింది. ఊరిమీద అలక ఎంతదాకా పోయిందంటే, పది నిమిషాలు నడిస్తే వచ్చే సూర్యదేవుడి గుడికి కూడా ఆమె ఇంతవరకూ వెళ్ళలేదు.

ఆకలేస్తే ఆయనే వస్తాడనుకుంది. ఎనిమిదింబావైనా రాలేదు. అప్పుడు అనిత ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఊళ్ళోనే ఒక ఆస్పత్రిలో నర్సు, పొద్దున్నే డ్యూటీకి వెళ్ళిపోయింది.

"తిన్నారా అత్తా ఇద్దరూ?"

"మీ మావ అలిగి ఎల్లిపోనాడే."

"తినీసేనా?"

"నేదు," అంది గున్నమ్మ.

"సూది ఎప్పుడేసినావు?"

"ఏడుంబావుకి."

అనిత గొంతు మారిపోయింది. "గంటయిపోనాది అత్తా. సుగర్ పడిపోతాది. సెమటలు పోస్తాయి, మాట తేడా వస్తాది, ఆనక పడిపోతాడు. ఎటెల్లినాడు?"

"తెల్దు."

"అడగనేదా?"

"ఎల్లే మనిసిని అడగ్గూడదు కదే."

"సముద్రం మీదికెల్తన్నాడేటి, అడక్కుండా ఊరుకోడానికి?"

గున్నమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది. బల్ల మీద నూకయ్య ఫోను చార్జింగులోనే ఉంది. అనిత తొందరగా, ఒక్కొక్క మాట విడదీసి చెప్పింది. "పంచదార కొంగున కట్టుకుని బేగి ఎల్లు. సందు మొదట్లో హరిబాబు ఆటో ఉంటాది. మావకి తెలివుంటేనే నోట్లో ఎయ్యి. తెలివి నేకపోతే ఏటీ ఎయ్యకు, సూటిగా ఆస్పత్రికి అట్టుకొచ్చీండి. మీ అబ్బాయి పాతపట్నంలో ఉన్నారు, వచ్చీసరికి రెండు గంటలు పడతాది. నేను నీకు ఫోన్ సేస్తానే ఉంటాను."

గున్నమ్మ గుప్పెడు పంచదార కొంగున కట్టింది. ఇడ్లీలు డబ్బాలో వేసింది. మేకుకి వేలాడుతున్న ఆయన పాత చొక్కా చూసి, ఎందుకో జేబులో చెయ్యి పెట్టింది. నలిగిన బస్సు టికెట్లు చేతికొచ్చాయి. ఆమెకి చదువు రాదు. వాటిని పిడికిట్లో పట్టుకుని మెట్లు దిగింది. ఒకడిని అడిగి పంపాను, ఇంకొకడిని అడక్కుండా పంపాను అన్న ఆలోచన ఆమెతోపాటే మెట్లు దిగింది.

హరిబాబు టికెట్లు విడదీసి చదివాడు. "శ్రీకూర్మం, గార, కళింగపట్నం, మళ్ళీ శ్రీకూర్మం. ఊళ్ళన్నీ తిరిగినాడమ్మా మీ ఆయన. ముందు ఇక్కడ సూర్యదేవుడి గుడికాడ అడుగుదాం."

గుడి ముందు శనివారం జనం అంతగా లేరు. పూలమ్మే మనిషి దగ్గర ఆటో ఆగీ ఆగకుండానే గున్నమ్మ దూకింది.

"పొడుగ్గా, నల్లగా ఉంటాడు, ఎడం కాలు కొంచెం ఈడుస్తాడు, సూసినావేటి అమ్మా?"

పూలావిడ ఆమెని కింద నుంచి పైదాకా చూసింది. "నువ్వు గున్నమ్మవి కాదేటి?"

గున్నమ్మ ఇంకో అడుగు దగ్గరికేసింది.

"మాటాడితే నడుం మీద సెయ్యేస్తాదని సెప్పినాడు. అలగే నిలబడ్డావు," అంది పూలావిడ. అప్పుడుగానీ తన చెయ్యి ఎక్కడుందో గున్నమ్మ చూసుకోలేదు. "నా పేరు కుమారి. రోజూ వస్తాడు తాత. మా ఇంటిదాన్ని తెస్తాను, ఆ దినం నాకు మంచి తామరపువ్వు తీసి ఉంచాల అంటాడు. ఇయేల ఎనిమిది కాకుండానే వచ్చి దండమెట్టీసి ఎల్లిపోనాడు. మొకం బాగోనేదు."

"ఎటెల్లినాడు?"

ఆ మాట పక్కవాళ్ళని అడగొచ్చు, దోషం లేదు. కుమారి మాత్రం తల అడ్డంగా ఊపింది.

"వంతెన కాడుంటాడు," అన్నాడు హరిబాబు. "నేనే రెండు మూడుసార్లు దింపినాను."

ఆటో ఊళ్ళోకి తిరిగింది. బడికి వెళ్ళే పిల్లల సైకిళ్ళు, పాలవాళ్ళ బళ్ళు, రోడ్డుకి అడ్డంగా ఆగిన బస్సు. గున్నమ్మ ముందు సీటు కడ్డీ పట్టుకుని ముందుకి వంగి కూర్చుంది, అలా వంగితే ఆటో తొందరగా పోతుందన్నట్టు. దారిలో కనిపించిన ప్రతి తెల్ల చొక్కా ఆమెకి ఆయనే. అనిత రెండుసార్లు ఫోన్ చేసింది. రెండుసార్లూ ఇంకా లేదనే చెప్పాల్సి వచ్చింది.

నాగావళి వంతెన పక్కన టీ బడ్డీ అతను గ్లాసులు కడుగుతూ తలెత్తాడు. హరిబాబు అడిగింది పూర్తిగా వినకుండానే గున్నమ్మవైపు చూసి చెయ్యి తుడుచుకున్నాడు. "గున్నమ్మగారేనా? రాండి రాండి. నా పేరు జగన్నాధం. ఈ బెంచీయే మీకోసం సూసి ఉంచినాడు. ఏరు ఇక్కణ్ణించే బాగా కనబడతాదని."

"ఆయనేడి బాబూ?"

"ఇయేల రానేదు."

గున్నమ్మ ఆ బెంచీ వైపు చూసింది. వెనక నాగావళి ఎండలో మెరుస్తోంది. ఇసక తిప్పల మధ్య ఇద్దరు మోకాలి లోతులో నిలబడి విసురు వల వేస్తున్నారు. అందంగా ఉంది. అది ఒప్పుకోవడానికి ఇదా సమయం అని ఆమెకి తనమీద తనకే మంట పుట్టింది. ఈ ఊళ్ళో తన పేరు ఎవరికీ తెలియదని ఎనిమిది నెలలు ఏడ్చింది. ఆయన వీధి వీధికీ ఆ పేరు చెప్పుకుంటూ తిరిగాడు. ఇప్పుడా మనిషి ఎక్కడున్నాడో చెప్పగలిగినవాళ్ళు లేరు. తొమ్మిదయింది.

"వెనక్కి తిప్పు బాబూ. ఆ టికెట్ల దారినే పోదాం," అంది.

వచ్చిన దారంతా మళ్ళీ పోవాలి. పోయిన అరగంట ఎవరూ తిరిగివ్వరు. అరసవల్లి దాటి, ఇళ్ళు పలచబడి, పొలాలు మొదలయ్యాయి. రోడ్డు చీలే చోట హరిబాబు ఆటో ఆపాడు.

"అమ్మా, ఇలగెల్తే శ్రీకూర్మం, అలగెల్తే కళింగపట్నం సముద్రం. రెండూ సూసే టైము నేదు. ఎటు?"

సముద్రమే అని చెప్పబోయింది. కోపం వచ్చినప్పుడల్లా ఆయన పోయేది అక్కడికే. పెళ్ళయిన కొత్తలో కూడా అంతే, ఇంట్లో మాటామాటా వస్తే ఇసకలో పోయి కూర్చునేవాడు. అలలు చూస్తూ తల తిరిగి పడిపోతే ఎత్తేవాళ్ళు కూడా ఉండరు. ఆమె గుండె అటే లాగింది. చెయ్యి అటువైపు ఎత్తింది కూడా.

అప్పుడే ఆకుకూరల గంప నెత్తిన పెట్టుకుని ఒక ఆడమనిషి రోడ్డు దాటింది. గున్నమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నిన్న సాయంత్రం రెండు తోటకూర కట్టలు కొంది. పొద్దున్న వంటింట్లో ఒకటే ఉంది. ఆ కోపమే ఆయన మీద విసిరింది.

"తోటకూర ఎవులికి ఎడతారు బాబూ?" అంది.

హరిబాబు వెనక్కి తిరిగి ఆమెని జాలిగా చూశాడు. మతి పోయిందనుకున్నట్టున్నాడు. "తోటకూరేటమ్మా ఇప్పుడు? శ్రీకూర్మంలో తాబేళ్ళకి ఎడతారు, అంతే."

గున్నమ్మకి ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. వలలో తాబేలు పడితే నూకయ్య వల కోసేసేవాడు. కొత్త వలైనా సరే. తాబేలు నుదుట బొట్టు పెట్టి, దండం పెట్టి, నీళ్ళలోకి దించాకే రెండో పని. చిరిగిన వల ముందేసుకుని ఆమె ఎన్ని రోజులు తిట్టిందో లెక్కలేదు.

"ఇలగే. శ్రీకూర్మం. బేగి పోనీ బాబూ."

మిగతా దారి ఆమెకి గుర్తు లేదు. తను తప్పు చెప్పానేమో, ఆ చీలిక దగ్గర ఆయన్ని వదిలేసి వచ్చేశానేమో అన్న భయం ఒక్కటే గుర్తుంది. గుడి కనిపించగానే ఆటో పూర్తిగా ఆగకముందే దిగి పరిగెత్తింది. లోపల రెండు ధ్వజస్తంభాలు, చుట్టూ రాతి స్తంభాల వసారా, గోడలనిండా పాత బొమ్మలు. ఆమె వాటిలో ఏదీ చూడలేదు. తాబేళ్ళని ఉంచిన చోటు ఎటు అని అడిగింది, ఎవరో చెయ్యి చూపించారు.

నూకయ్య నీడలో గోడకి జారబడి ఉన్నాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మొహం మీద చెమట ధారలు కడుతోంది. ఒళ్ళో తోటకూర కట్ట, కొన్ని ఆకులు చేతిలో నలిగిపోయాయి. దర్శనానికి వచ్చిన వాళ్ళు ఆయన్ని తప్పించుకుని నడుస్తున్నారు.

"గుడికి కూడా తాగీసొస్తారు," అంది ఒకావిడ.

గున్నమ్మ ఆవిడకేసి కూడా చూడలేదు. కింద కూలబడి ఆయన గడ్డం పట్టుకుని మొహం తిప్పింది. "మావా. ఇటు సూడు. నాను, గున్నమ్మని."

ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆమె మీద మాత్రం నిలవలేదు. పెదాలు కదిలాయి. "దాలిగా… వల ఒగ్గీరా… తాబేలు పడ్డాది…"

ఆ పేరు ఆయన నోట విని నలభై ఏళ్ళయింది. తమ్ముడి దగ్గరికి పోతున్నాడు అనిపించింది. మరుక్షణం కొంగు ముడి పళ్ళతో లాగింది. తెలివుంటేనే నోట్లో వెయ్యమంది అనిత. మాట్లాడుతున్నాడంటే తెలివున్నట్టే.

"నోరు తెరు. తెరు మావా. సప్పరించు. మింగు."

మొదటి చిటికెడు సగం గడ్డం మీద పడింది. రెండోది లోపలికి పోయింది. హరిబాబు నీళ్ళు పట్టుకొచ్చాడు. మిగిలిన పంచదార నీళ్ళలో కలిపి గుక్క గుక్కగా తాగించింది. ఆ తర్వాత చెయ్యడానికి ఏమీ లేదు, ఎదురుచూడటం తప్ప. చెవి దగ్గర ఫోనులో అనిత "సూడు అత్తా, పది నిమిషాలు సూడు, కంగారు పడకు," అంటూనే ఉంది, ఆ పిల్ల గొంతే వణుకుతోంది. వీపు మీద చుక్కల్లాంటి గీతలున్న చిన్న తాబేలొకటి వచ్చి, ఆయన చేతిలో ఆకు అంచు కొరకడం మొదలుపెట్టింది. గున్నమ్మ ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

వేళ్ళు కదిలాయి. ఆకుని తాబేలు నోటికి కొంచెం దగ్గరగా జరిపాయి.

"ఎవుల్తోటొచ్చినావు?" అన్నాడు నూకయ్య. గొంతు నీరసంగా ఉంది కానీ ఆయనదే.

గున్నమ్మ ఏడ్చేసింది. అంతమంది ముందు, గుళ్ళో, పెద్దగా, సిగ్గు లేకుండా ఏడ్చింది. ఏడుస్తూనే డబ్బా మూత తీసి ఇడ్లీ ముక్క ఆయన నోట్లో పెట్టింది.

రెండో ఇడ్లీ అయ్యాక అడిగింది. "నాకు సెప్పకుండా ఏటి ఈ తిరుగుడు?"

"నువ్వు రానంటన్నావు కదా. ముందు నాను సూసొస్తే, ఏది బాగుంటాదో తెలుస్తాదనుకున్నాను. సేప ఎక్కడున్నాదో సూసుకుని కదే వల ఏస్తాం."

"మరి సెప్పొచ్చు కదా, ఫలానా సోటికెల్తన్నానని."

"గడప కాడ రోజూ నిలబడతన్నాను," అన్నాడు నూకయ్య. "అడుగుతావేమోనని."

గున్నమ్మకి చెప్పులు గుర్తొచ్చాయి. ఒకటి వేసుకుని ఆగడం, లోపలికి చూడడం. అది వయసు కాదు.

"నానడగను మావా. ఎందుకో నీకు తెలుసు."

"తెలుసు." ఆయన తాబేలు వీపుని వేలితో నిమిరాడు. "ఆ దినం నానూ సముద్రం మీదే ఉన్నాను. దాలిగాడి తెప్ప మీద అల పడ్డాది గున్నా. నీ మాట పడనేదు. నా కళ్ళతో సూసినాను. ఇన్నేళ్ళు నీకీ మాట సెప్పకపోడం నాదే తప్పు. ఎత్తితే ఏడుస్తావని ఎత్తనేదు."

ఆమె ఆయన చేతిలో మిగిలిన ఆకు తీసుకుని తాబేలు ముందు పెట్టింది.

ఆస్పత్రిలో పరీక్షలు చేశాక అనిత ఇద్దర్నీ కలిపి తిట్టింది. పాతపట్నం నుంచి వచ్చిన వినోద్ మళ్ళీ తిట్టాడు. ఇద్దరూ తలొంచుకుని పడ్డారు.

ఆదివారం పొద్దున్న గున్నమ్మ తోటకూర కట్టొకటి తీసుకెళ్ళి బుజ్జమ్మ చేతిలో పెట్టి, ఎందుకో చెప్పకుండా పైకొచ్చేసింది. సూది వేసింది. అనిత కాపలా కాస్తుంటే నూకయ్య నాలుగు ఇడ్లీలూ తిన్నాడు. లేచి చొక్కా వేసుకుని గడప దగ్గరికి వెళ్ళాడు. ఒక చెప్పు వేసుకున్నాడు. ఆగాడు.

గున్నమ్మ పొయ్యి దగ్గరే ఉంది. నలభై ఏళ్ళ కిందటి నవ్వు, సముద్రంవైపు చూపించిన చెయ్యి కళ్ళముందు నిలిచాయి. స్టవ్ ఆపింది. ఇటు తిరిగింది.

"ఎక్కడికి మావా?" అంది.

అనిత చేతిలో గరిటె ఆగిపోయింది. నూకయ్య గడప అవతల పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, చెప్పు విడిచి, లోపలికొచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఎవరైనా అలా అడిగితే వెనక్కొచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరాలి. ఆ తరుణోపాయం కూడా పెద్దవాళ్ళు చెప్పే ఉంచారు.

"అరసవల్లి గుడికి," అన్నాడు. "కుమారి తామరపువ్వు తీసి ఉంచుతానన్నాది. నీళ్ళియ్యి."

గున్నమ్మ గ్లాసు నిండా నీళ్ళు తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"మెల్లిగా తాగు," అంది. "నాను సీర మార్సుకొస్తాను."